పొగగొట్టమును తుడుచు బాధ్యత ఎవరిది?

కట్టెల పొయ్యి గల తెలుగువారి ఇండ్లలో పొయ్యి అలికి ముగ్గు పెట్టుట తరతరములుగా వచ్చుచున్న ఆచారము. కంటికి కనబడు పొయ్యి గట్టును గృహిణి ఎంతో శ్రద్ధతో శుభ్రపరచును. కాని ఆ పొయ్యికి పొగగొట్టము అమర్చియున్నయెడల, దాని లోపలి భాగమును ఎన్నడు తుడిచిరని అడిగినచో సమాధానము దొరకుట కష్టము. పెట్టించిన నాడు చూచినదే. పిమ్మట దానిని మరచిరి. ఈ మరపే పొగలేని పొయ్యిని మరల పొగ పొయ్యిగా మార్చుచున్నది.

పొగలేని పొయ్యి మన దేశమునకు క్రొత్త వస్తువు కాదు. హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనశాలలో డాక్టరు ఎస్. పి. రాజు రూపొందించిన పొయ్యిని గూర్చిన పుస్తకము 1953లోనే వెలువడినది. 1980వ దశకమున ఆరంభమై 2002 వరకు నడచిన జాతీయ కార్యక్రమము ద్వారా మూడు కోట్లకు పైగా మెరుగైన పొయ్యిలు ప్రజల కందినవి. అయినను వానిలో పెక్కు కొలది కాలమునకే మూలబడినవి. ఒడిశా పల్లెలలో కొన్ని సంవత్సరములపాటు జరిగి, 2016లో ప్రకటితమైన ఒక పరిశీలన గమనింపదగినది. క్రొత్త పొయ్యి పెట్టిన మొదటి సంవత్సరమున వంట చేయువారు పీల్చు పొగ తగ్గినది. తరువాతి సంవత్సరములలో ఆ మేలు కనబడలేదు. పొయ్యిలను క్రమముగా వాడకపోవుట, వాని మరమ్మతులకు తగిన శ్రద్ధ చూపకపోవుట ఇందులకు కారణములు.

గ్యాసు వచ్చిన పిదప ఈ చర్చ ఎందులకని కొంద రనవచ్చును. కట్టెల పొయ్యి ఎంత మంచిదైనను గ్యాసు పొయ్యికి సాటి రాదు. వీలున్నవారు గ్యాసునే వాడుట మేలు. 2016లో ఆరంభమైన ఉజ్జ్వల పథకము కోట్లాది ఇండ్లకు గ్యాసును చేర్చినది. అయినను 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము నూటికి సుమారు 41 ఇండ్లలో వంటకు పరిశుభ్రమైన ఇంధనము లేదు. గ్యాసు ఉన్న ఇండ్లలో సైతము స్నానపు నీళ్ళు కాగుటకు, పశువుల కుడితి కాచుటకు కట్టెలు మండుచునే యున్నవి. కట్టెలు మండునంత కాలము గొట్టమును తుడువక తప్పదు.

గొట్టము పని చేయు విధము సులభముగ తెలియునది. వేడి గాలి తేలికయై పైకి పోవుచు పొగను తనతో లాగికొని పోవును. పచ్చి కట్టెలు మండించినపుడు మంట చల్లబడి, పొగ చిక్కనై, గొట్టపు గోడల మీద జిగట మసిగా పేరుకొనును. దారి ఇరుకైన కొలది పొగ వెనుదిరిగి వంటయింటిలో నిండును. ఆ పొగతో పాటు కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు కూడ వచ్చును. దానికి రంగు లేదు, వాసన లేదు. తలుపులు మూసిన గదిలో అది ప్రాణములనే తీయగలదు. జిగట మసి నిప్పంటుకొను స్వభావము కలది. పూరికప్పు గల ఇంటికి ఇది మరింత ప్రమాదము. 1775లోనే లండను వైద్యుడు పెర్సివల్ పాట్, పొగగొట్టములు తుడుచువారికి వచ్చు పుట్టకురుపునకు మసియే కారణమని గుర్తించెను. కావున మసిని ఒట్టి మురికిగా భావింపరాదు.

తుడుచుటకు నెలకొక దినమును నియమించుకొనవలెను. అమావాస్యను గుర్తుగా పెట్టుకొన్నచో మరపు రాదు. నిప్పు పూర్తిగా ఆరి, గొట్టము చేతికి చల్లగా తగులువరకు పని ఆరంభింపకూడదు. ముక్కు, నోరు గుడ్డతో కట్టుకొని, పొయ్యి ముందు తడి గోనెపట్టా పరచి, పొడవైన వెదురు కొనకు కొబ్బరి పీచు బిగించి గొట్టములో ఆడింపవలెను. ఆస్బెస్టాస్ సిమెంటు గొట్టమును పొడిగా గీకరాదు. దాని ధూళి ఊపిరితిత్తులకు హానికరము. తడి గుడ్డతో తుడిచి, పగిలినచో మార్పించుట క్షేమము. మట్టి పొయ్యి నెర్రెలను బంకమట్టితో పూడ్చవలెను. పిమ్మట చిన్న కాగితము వెలిగించి చూచిన, పొగ గొట్టములోనికి పోవలెను; గదిలోనికి వచ్చినచో ఇంకను అడ్డు మిగిలియున్నదని తెలియును. బూడిదలో నిప్పుకణికలు మరునాటి వరకు బ్రతికియుండవచ్చును గనుక, దానిని మూతగల ఇనుప డబ్బాలో వేసి గడ్డివామికి దూరముగ ఉంచవలెను. కట్టెలను వానకు తడియకుండ కొన్ని నెలలు ఎండనిచ్చినచో మసియే తగ్గును. రెండు కట్టెలు ఒకదానితో నొకటి కొట్టినపుడు ఖణేలుమన్నచో ఎండినవని గ్రహింపవచ్చును.

ఇక బాధ్యత ఎవరిది? పొయ్యి ఆడుదాని సొత్తని తలచి ఈ పనిని కూడ ఆమెకే వదలుట న్యాయము కాదు. పొగ త్రాగునది ఆమె, ఆమె చంకలోని బిడ్డ. వండిన అన్నము తినువారు ఇంటిల్లిపాది. నిచ్చెన వేసికొని ఇంటికప్పు నేయుటకు ఎక్కు మగవాడు గొట్టము తుడుచుటకు ఏల ఎక్కరాదు? పొయ్యిలు కట్టించు సంస్థలును కట్టిన వాని సంఖ్య చెప్పి సంతసించుట చాలదు. కట్టిన మేస్త్రీ ఏడాదికొకసారి వచ్చి చూచి పోవు ఏర్పాటును, గొట్టము పగిలినచో మారుగొట్టము ఊరిలోనే దొరకు ఏర్పాటును ఆ ఖర్చులోనే చేర్చవలెను. గొట్టము ఇంటికి అలంకారము కాదు. అది వంటయింటి ముక్కు. ముక్కు మూసికొని పోయినచో ఊపిరాడదని వేరుగ చెప్పనక్కరలేదు.