నీళ్ల గిన్నె తీసేయకండి!

ఏడాది నిండని కుక్కపిల్ల అదేపనిగా నీళ్లు తాగుతుంది. హాల్లో, మంచం పక్కన మూత్రం పోసేస్తుంది. ఇలాంటప్పుడు చాలా ఇళ్లలో ముందు దాన్ని కోప్పడతారు. తర్వాత చీకటి పడగానే నీళ్ల గిన్నె తీసేస్తారు. కోప్పడటం కన్నా ఈ రెండోదే పెద్ద పొరపాటు. అది అల్లరి కాకపోవచ్చు, కిడ్నీ జబ్బు కావొచ్చు.

కిడ్నీ జబ్బు ముసలి కుక్కలకే వస్తుందనుకోవడం అపోహ. కొన్ని పిల్లలకు పుట్టుకతోనే కిడ్నీలు సరిగా ఎదగవు. మనవాళ్లు ముచ్చటపడి తెచ్చుకునే షిట్జూ, లాసా ఆప్సో జాతుల్లోనూ ఈ సమస్య ఉంది. ఎలుకల మూత్రం ద్వారా వచ్చే లెప్టోస్పైరోసిస్, మనం వేసుకునే నొప్పి మాత్రలు, ద్రాక్ష, కిస్‌మిస్ కూడా కుక్క కిడ్నీలను దెబ్బతీస్తాయి.

దెబ్బతిన్న కిడ్నీ మూత్రాన్ని చిక్కబరచలేదు. ఒంట్లోని నీరు బయటికి పోతూనే ఉంటుంది. ఆ లోటు పూడ్చుకోవడానికే కుక్క అంతలా తాగుతుంది. గిన్నె తీసేస్తే ఒళ్లు ఎండిపోయి జబ్బు ముదురుతుంది. అందుకే ఒక రోజంతా నీళ్లు కొలిచి పోయండి. కిలో బరువుకు 100 మిల్లీలీటర్లు దాటితే, అంటే 5 కిలోల కుక్క అరలీటరుకు మించి తాగితే, పశువైద్యుణ్ని కలవండి. రక్తంతో పాటు మూత్ర పరీక్ష కూడా చేయించండి. రక్తంలో క్రియాటినిన్ పెరిగిందని తెలిసేసరికి కిడ్నీల సామర్థ్యం దాదాపు ముప్పాతిక వంతు పోయి ఉండొచ్చు.

పుట్టుకతో వచ్చిన జబ్బు పూర్తిగా నయం కాదు. అంతమాత్రాన ఆశ వదులుకోనక్కర్లేదు. జబ్బును నాలుగు దశలుగా చూస్తారు. తొలి దశల్లో బయటపడితే చాలా కుక్కలు హాయిగా ఆడుకుంటూ గడపగలవు. ఫాస్ఫరస్ ఎక్కువగా ఉండే ఎముకలు, లివర్, పాలు తగ్గించాలి. అలాగని మాంసం పూర్తిగా మాన్పించి పెరుగన్నంతో సరిపెట్టొద్దు. ఎదిగే పిల్లకు ప్రొటీన్ కావాలి. ఎంత పెట్టాలో డాక్టరే చెప్పాలి. తిండి ముట్టకపోతే బలవంతంగా నోట్లో కుక్కకండి. చాలాసార్లు దానికి కారణం వికారం. దానికి మందులున్నాయి.

ఖర్చు సంగతి మొదటి రోజే అడగండి. అందులో నామోషీ లేదు. ఏ పరీక్షలు తప్పనిసరి, నెలకు మందులకు ఎంతవుతుంది, తెలుసుకుని మొదలుపెట్టడం నయం. మొహమాటపడి మధ్యలో చికిత్స ఆపేస్తే నరకం చూసేది ఆ మూగజీవి. ఇక వీధిలో వదిలేయడం గురించి ఆలోచనే రాకూడదు. మందూ నీళ్లూ లేక అది కుళ్లి చావడానికి వదిలేసినట్టే. తినని రోజులు, లేవలేని రోజులు ఎక్కువైపోతే, నొప్పి లేకుండా సాగనంపడం గురించి డాక్టర్‌తో మాట్లాడండి. ఇంట్లో పిల్లలకూ నిజమే చెప్పండి. ‘ఊరెళ్లింది’ అనే అబద్ధం ఎక్కువకాలం నిలవదు.

ఇంకొక్క మాట. పుట్టుకతో ఈ జబ్బున్న కుక్కకు జత కట్టించొద్దు. కొత్తగా పిల్లను కొనేవాళ్లు రంగు, బొచ్చు చూసి మురిసిపోకుండా తల్లిదండ్రుల ఆరోగ్యం గురించి ఆరా తీయాలి. అడిగేవాళ్లు పెరిగితేనే అమ్మేవాళ్లలో జాగ్రత్త పెరుగుతుంది.