కూన గొంతుతో నక్కను పిలవొద్దు

విశాఖలోని మా కూర్మన్నపాలెం కుర్రాడొకడు మొన్న ఫోనులో వీడియో చూపించాడు. చీకట్లో చిన్న స్పీకరు నుంచి నక్క కూన ఏడుపు వినిపిస్తోంది. కాసేపటికే తుప్పల్లోంచి ఓ నక్క దూసుకొచ్చి, టార్చి వెలుగులో బిత్తరపోయి నిలబడింది. "చూశారా బాబాయ్, ఎలా పరిగెత్తుకొచ్చిందో!" అన్నాడు. నేను దాని పొట్ట చూశాను. చన్నులు పాలతో ఉబ్బి ఉన్నాయి.

మన దేశంలో నక్కలు ఎక్కువగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో జతకడతాయి. సుమారు 63 రోజులకు ఆడనక్క బొరియలో పిల్లలు పెడుతుంది. కూనలు కళ్లు తెరవడానికే పది రోజులు పడుతుంది. తల్లీ తండ్రీ ఇద్దరూ వాటిని సాకుతాయి, తిన్నది కక్కి నోటికందిస్తాయి. ఆ రోజుల్లో కూన అరిస్తే ముందూ వెనకా చూసుకోకుండా వస్తాయి. ఈ కిటుకు కొత్తదేమీ కాదు. అమెరికాలో గొర్రెల మందలున్న చోట నక్కలాంటి కోయోట్‌లను వేటగాళ్లు వసంతంలో ఇలాగే రప్పించి కాలుస్తారు. మన దగ్గర నక్కలవాళ్లనే సంచార తెగవాళ్లు అచ్చం నక్కలా ఊళవేసి వాటిని వలలోకి రప్పించేవారని, దక్షిణ భారత కులాలు, తెగల గురించి రాసిన థర్‌స్టన్ 1909లోనే రాశాడు. వాళ్లకది కూడు. మన కుర్రాళ్లకు మాత్రం లైకులు.

నక్క జాడ తీయడం నాకూ ఇష్టమే. స్టీల్‌ప్లాంటులో రాత్రి షిఫ్టు దిగి వస్తూ ఎర్రమట్టి బాట పక్కన ఎన్నోసార్లు ఆగాను. కుక్కలాగే నాలుగు వేళ్లు, గోళ్ల గుర్తులు. కానీ నక్క పాదంలో నడిమి రెండు వేళ్ల మెత్తలు కింద కలిసి ఉంటాయి. మెత్తటి మట్టిలో అది స్పష్టంగా తెలుస్తుంది. రేగుపళ్ల కాలంలో పెంటికలో గింజలు కనిపిస్తాయి. ఇవన్నీ చూడొచ్చు. బొరియ దాకా మాత్రం పోకూడదు. అలికిడి తగిలితే తల్లి కూనలను ఒక్కొక్కటిగా నోట కరుచుకుని మరో చోటికి మారుస్తుంది. విశాఖ కంబాలకొండ అడవి పక్కనా, మా వైపూ ఆ మరో చోటికి దారి 16వ నంబరు జాతీయ రహదారి మీదుగానే కావచ్చు. రాత్రంతా లారీలు, ట్రైలర్లు తిరిగే రోడ్డది.

యూరప్‌లో పరిశోధకులు కూడా రికార్డు చేసిన ఊళ వినిపించి, బదులిచ్చిన నక్కలను లెక్కగడతారు. అది పద్ధతి ప్రకారం జరిగే పని. సరదాకు కూన ఏడుపు మోగించడాన్ని దాంతో కలపకూడదు.

2022 సవరణతో నక్క వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లోకి చేరింది. ఆ చట్టం దృష్టిలో చంపడమే కాదు, ఉచ్చు పన్నడం, తరమడం, ఎర వేయడం కూడా వేటే. మొదటి షెడ్యూలు జంతువును వేటాడితే మూడు నుంచి ఏడేళ్ల జైలు. కూన గొంతు ఎర కాక మరేమిటని నా ప్రశ్న.

కూన గొంతుతో నక్కను పిలవొద్దని అటవీశాఖ కంబాలకొండ గేటు దగ్గర తెలుగులో పెద్దక్షరాలతో రాసి పెట్టాలి. స్టీల్‌ప్లాంటు కాలనీ ఉక్కునగరం చుట్టూ పెంచిన చెట్లలో కాపలా చూసే సిబ్బందికీ చెప్పాలి. మార్చి నుంచి జూన్ దాకా చీకటి పడ్డాక టార్చీ, స్పీకరూ పట్టుకుని తుప్పల్లోకి వెళ్లేవాళ్లను అక్కడే ఆపి వెనక్కి పంపాలి.