గృహవ్యవహారములు: మెట్లెక్కలేనివారికి పాలువంతు యిల్లు

స్వగృహము గలవారికి వసతిచింత యేమి యని లోకులందురు. ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అన్న సామెత యింటిని సంపాదించుటలోని ప్రయాసనే చెప్పినది గాని, సంపాదించిన యింటిలో తిరుగాడలేని ప్రయాసను చెప్పినది కాదు. పక్షవాతము వచ్చిన భర్తయు, కీళ్లు పట్టుకొనిపోయిన అత్తగారును, చక్రముల కుర్చీ విడువలేని కుమార్తెయు నున్న యింట గడపయే గోడ యగును. పత్రములలో యిల్లు వారిదే. స్నానపు గది మాత్రము వారిది కాదు.

ఈ మాసమున మేము ఇంగ్లండు దేశమునందలి యొక యేర్పాటును గూర్చి వ్రాయ దలచితిమి. మన చదువరులలో పలువురి బిడ్డలు అక్కడ కాపురము లుండుటయు, వృద్ధులైన తల్లిదండ్రులు కొందరు వారితోనే స్థిరపడి యుండుటయు దీనికి కారణము. అక్కడి యిండ్లు తరచుగా రెండంతస్తులవి. క్రింద వంటయు కూర్చుండు గదియు, మీద పడకగదులును స్నానపు గదియు నుండును. ఆరోగ్యముగ నున్నంతవరకు ఆ యిరుకుమెట్లు ఎవరికిని గుర్తుకురావు. ఒకనాడు కాలు లేవకపోయినచో ఆ మెట్లే యింటిని రెండుగా చీల్చివేయును.

అట్టి వేళ ముందుగా తలపవలసినది యిల్లు మారుట కాదు, ఉన్న యింటిని మార్చుట. అక్కడి పురపాలక సంఘములు వైకల్యము గలవారి గృహముల మార్పునకు ఒక విరాళము నిచ్చును. ఇంగ్లండున దాని గరిష్ఠపరిమితి 30,000 పౌనులు. వాకిలి వెడల్పు చేయుటకు, మెట్లకు బదులు వాలుదారి కట్టుటకు, మెట్ల ప్రక్కన నడచు కుర్చీ నమర్చుటకు, క్రింది యంతస్తున స్నానపు గది కట్టుటకు ఇది యుపయోగపడును. పెద్దలకైనచో ఆదాయమును విచారించి యిత్తురు. పదునెనిమిదేండ్లు నిండని బిడ్డకొరకైన నట్టి విచారణ లేదు. దరఖాస్తు పెట్టిన ఆరు మాసములలో తీర్మానము తెలుపవలెను. అనుమతి రాకముందు పని మొదలుపెట్టినచో విరాళము పోవచ్చును గనుక, తొందరపడి మేస్త్రీని పిలువరాదు.

ఇల్లు మార్పునకు లొంగనిదైనచో వేరొక యిల్లు చూచుకొనవలెను. అయితే నేలమట్టపు యిండ్లకు ధర హెచ్చు. ఉన్నదానిని అమ్మి అప్పు తీర్చగా మిగిలిన సొమ్ము చాలదు. రోగము వచ్చిన పిమ్మట రాబడి తగ్గును గనుక క్రొత్త యప్పు పుట్టదు. ఇట్టివారికి పనికివచ్చునదే పాలువంతు స్వామ్యము.

దీని పద్ధతి యిది. ఇంటిలో కొంత వంతు మనము కొందుము. మిగిలిన వంతు గృహవసతి సంఘమున కుండును. ఆ వంతునకు మనము అద్దె యిత్తుము. 2021వ సంవత్సరమున వచ్చిన క్రొత్త పద్ధతి ప్రకారము మొదట నూటికి 10 వంతులైనను కొనవచ్చును. అంతకుముందటి పద్ధతిలో నూటికి 25కు తక్కువ కొనుటకు వీలులేదు. మొదట కొనుటకు హెచ్చుపరిమితి నూటికి 75. ఒక లెక్క చెప్పెదము. 2,00,000 పౌనుల యింటిలో నూటికి 40 వంతులు కొన్నచో దాని వెల 80,000. ఇందు నూటికి పది, అనగా 8,000 చేతినుండి పెట్టి, 72,000 తనఖాపై అప్పు తేవచ్చును. సంఘమునకు మిగిలిన 1,20,000 పౌనుల వంతుపై ఏటికి నూటికి రెండుముక్కాలు చొప్పున అద్దె 3,300. అనగా నెలకు 275. దీనికి తనఖా వాయిదాయు, ఉమ్మడి ఖర్చులును చేరును. ఈ మూడింటిని ఒక్కచోట కూడి చూచినగాని యింటి నిజమైన ఖరీదు తెలియదు.

సాధారణముగా ఈ పద్ధతిన దొరకునవి సంఘములు కట్టిన యిండ్లు. అవి మన బంధువుల యూరిలోనే యుండవలెనని గాని, నేలమట్టముననే యుండవలెనని గాని నియమము లేదు. అందువలన దీర్ఘకాలిక వైకల్యము గలవారి కొరకు ప్రత్యేకముగ ఒక శాఖ కలదు. దానిని 'హోల్డ్' అందురు. సిద్ధముగ నున్న పాలువంతు యిండ్లు అవసరమునకు సరిపడనప్పుడు, బయట అమ్మకమునకు వచ్చిన యింటిని మనమే చూచుకొని, అందు కొంత వంతు మనమును, తక్కినది సంఘమును కొనునట్లు చేయుటయే దీని సారము. చుట్టములున్న వీధిలో, వైద్యశాలకు దగ్గరగా, వాకిట మెట్టు లేని యిల్లు ఏరుకొను అవకాశ మిందు గలదు. అయితే దీనిని నడుపు సంఘములు కొలది. ఇల్లు ముందు ఏరుకొని సంఘమును తరువాత వెదకుట సరి కాదు. సంఘము ఒప్పుకొనిన వెలను, కోరిన లక్షణములను తెలిసికొనియే వెదకవలెను.

ఇదివరకే యిల్లున్నవారికి ఇది దొరకునా యని కొందరు సందేహింతురు. దొరకును. ఉన్న యింటిని విడిచి, అవసరమునకు తగిన వేరొక యింటిని పూర్తిగా కొనలేనివారును అర్హులే. కుటుంబపు సాలీనా ఆదాయము 80,000 పౌనులకు, లండనునందైన 90,000 పౌనులకు మించరాదు. పాత యింటి విక్రయము క్రొత్తది కొనునాటికి పూర్తి కావలెను. ఇక్కడ ఒక మెలకువ అవసరము. ప్రభుత్వ భృతిపై నున్నవారికి 16,000 పౌనులకు మించి సొమ్ము చేతనున్నచో ఉమ్మడి భృతి ఆగిపోవును. పాత యింటిని అమ్మిన సొమ్మును మరియొక యిల్లు కొనుటకే యుంచినచో ఆరు మాసములవరకు లెక్కలోనికి తీసికొనరు. తగిన కారణమున్న గడువు పొడిగింపవచ్చును. కావున ఆ సొమ్మును వేరుగా నుంచి, అది దేనికొరకో వ్రాతమూలముగా తెలుపుట మంచిది.

పిదప వీలు చిక్కినపుడు వంతును పెంచుకొనవచ్చును. ఆ దేశమువారు దీనిని మెట్లెక్కుట యందురు. మెట్లెక్కలేనివారికి ఈ పేరు నవ్వు తెప్పించిన తప్పులేదు. క్రొత్త పద్ధతిలో పదునైదేండ్లవరకు ఏటికి నూటికి ఒక వంతు చొప్పున వెలకట్టు ఖర్చు లేకయే కొనవచ్చును. పెద్దమొత్తముగ కొన్నచో అప్పటి ధరను కట్టించి ఆ ధరకే కొనవలెను. ఇంటి వెల పెరిగినకొలది తరువాతి వంతు ప్రియమగును. తప్పక పెంచుకొనవలెనను నిర్బంధము మాత్రము లేదు.

ఇక జాగ్రత్తలు. పాలు మాత్రమే కొన్నను యింటి మరమ్మతు పూర్తిగా మనదే యని పాత పట్టాలలో నుండును. క్రొత్త పద్ధతిన క్రొత్తగా కట్టిన యిండ్లకు మొదటి పదేండ్లు వెలుపలి గోడలు, కప్పు మొదలగు వాని మరమ్మతులను సంఘము భరించును. బయట కొన్న పాత యింటి కట్టి సౌకర్యము గలదో లేదో పట్టా చదివి తేల్చుకొనవలెను. అద్దె యేటేట ధరల సూచికననుసరించి పెరుగును. భృతి అంత పెరుగునన్న నమ్మకము లేదు. అద్దె నిలిచిపోయినచో కొన్న వంతునకు కూడ ముప్పు వచ్చును. గోడకు పట్టుకమ్మి బిగించుటకును, తలుపు వెడల్పు చేయుటకును సంఘపు సమ్మతి కావలసియుండును. కావున చేయదలచిన మార్పులన్నిటికి కొనకముందే వ్రాతపూర్వకమైన సమ్మతి పొందవలెను. తిరిగి అమ్మదలచినపుడు కొనువారిని చూచు హక్కు మొదట సంఘమునకే యుండును. పాత పట్టాలలో దానికి ఎనిమిది వారములు, క్రొత్తవానిలో నాలుగు వారములు గడువు.

భృతులను గూర్చి ఒక్క మాట. అద్దె భాగమునకు అర్హతనుబట్టి ప్రభుత్వ సహాయము దొరకవచ్చును. తనఖా వడ్డీకి ఇచ్చు సహాయము 2018 ఏప్రిలునుండి విరాళము కాదు, అప్పు. ఇల్లు అమ్మినపుడు తీర్చవలెను. ఈ భేదమును తెలిసికొనకుండ వంతు నిర్ణయించుకొనరాదు. పెద్దవంతు గొప్పదియనియు, చిన్నవంతు తక్కువదియనియు లేదు. నెల గడుచునదే తగిన వంతు.

సోదరీమణులారా, మీరు ముఖ్యముగా గమనింపవలసినది పేరు. రోగి పేరుననే పట్టా వ్రాయించి, సేవచేయు భార్యను వదలివేయుట పలుచోట్ల జరుగును. ఇద్దరి పేరున నున్నచో అద్దెకు ఇద్దరును పూర్తిగా బాధ్యులు. అయినను ఒకరు గతించినచో రెండవవారి స్థితి యేమో ముందే నిర్ణయించుకొనవచ్చును. ఎవరి వంతు ఎవరికి చేరునో న్యాయవాదిచే వ్రాయించుకొనుడు. మతిమరుపు వ్యాధి పొడచూపినచో ఆలస్యము కూడదు. ఆ దేశమున వ్యవహారము చేయు అధికారపత్రమును మనిషికి తెలివి నిలిచియున్నపుడే వ్రాయవలెను. తరువాతనైనచో 2005వ సంవత్సరపు చట్టము ననుసరించి న్యాయస్థానమునకు పోవలసివచ్చును. అది వ్యయమును కాలమును హరించును.

ఇల్లు చూడ బోవునపుడు రోగిని వెంట గొనిపోవుడు. చక్రముల కుర్చీ మరుగుదొడ్డిలో తిరుగునా? రాత్రివేళ ఒక్కరే సాయము చేయగలరా? వంటగట్టు కూర్చున్నవారికి అందునా? అయిదేండ్లకు వ్యాధి ముదిరిన నీ యిల్లు సరిపోవునా? ధరను గూర్చి పురుషులు అడుగుదురు. ఈ ప్రశ్నల నడుగవలసినది సేవచేయు చేతులే.

మన దేశమున 2016వ సంవత్సరపు వికలాంగుల హక్కుల చట్టము, సంబంధిత పథకములన్నిటిలో గృహముల కేటాయింపునందు నూటికి 5 వంతులు వైకల్యము గలవారికి ప్రత్యేకింపవలెననియు, వారిలో స్త్రీలకు తగిన ప్రాధాన్య మీయవలెననియు చెప్పుచున్నది. అది వేరు యేర్పాటు, పాలువంతు కాదు. కాని ఇక్కడి సోదరీమణులకును ఒక్క సంగతి చెల్లును. ఇంటి కాగితములు వచ్చినంతనే సంతసింపక, ఆ యింటి వాకిలి ఎంత వెడల్పో కొలిచి చూడుడు.

పూర్ణస్వామ్యము గల యింటి మీదిగదిలో సంవత్సరముల తరబడి పడియుండుటకంటె, నలువదివంతులు గల యింటి ముంగిటికి తానుగా వచ్చి యెండలో కూర్చుండుట మేలని మా యభిప్రాయము. లెక్క సరిపోయినచో ఆ వంతును చిన్నతనముగా నెంచవలదు. లెక్క సరిపోనిచో ఎంత చక్కని యిల్లైనను వదలివేయుడు.