పోలీసోళ్ల కేబులుకి ఒక లెక్క, మన కేబులుకి ఒక లెక్కా?

ఈసారి పోస్టు కొంచెం పెద్దది. కరెంటు కోసం మోటారు దగ్గర కూర్చున్నప్పుడు తీరిగ్గా చదవండి.

ఆ మధ్య మా బోరు కేబులు, స్టార్టరు రాత్రికి రాత్రే ఎత్తుకుపోయారు. రెండూ కలిపి 18 వేలు. సరిగ్గా మిరప తోటకి తడి పెట్టాల్సిన వారం. స్టేషనుకి పోతే రైటర్ గారు "కాగితం రాసిచ్చి వెళ్లండి, చూద్దాం" అన్నారు. రాసిచ్చా. రసీదు లేదు, నంబరు లేదు. మూడుసార్లు తిరిగా. మూడోసారి "ఎస్సై గారు బందోబస్తుకి పోయారు" అన్నారు.

నెల తిరక్కముందే పక్క ఊళ్లో ఒక పోలీసాయన తమ్ముడి పొలంలో ఇదే దొంగతనం జరిగింది. సాయంత్రానికల్లా ఎఫ్ఐఆర్ కట్టారు. తెల్లారేసరికి ఇద్దరు కానిస్టేబుళ్లు వచ్చి గట్లన్నీ తిరిగారు, పాత ఇనప సామాన్ల కొట్టు దాకా పోయి అడిగారు. ఆయన సొమ్ము దొరకాలనే నేనూ కోరుకుంటా, ఆయనా మనలాంటి రైతే. కానీ నా కాగితం అందిన రోజే కదిలుంటే, ఆయన కేబులు పోయేదే కాదేమో!

దీన్ని చూసి "వాళ్లకి చట్టమే వేరు" అంటారు మనవాళ్లు. చట్టం అలా లేదండీ. 2019లో మోటారు వాహనాల చట్టం మార్చినప్పుడు 210బి అని ఒక సెక్షను పెట్టారు. ఆ చట్టాన్ని అమలు చేసేవాళ్లే తప్పు చేస్తే జరిమానా రెట్టింపు. హెల్మెట్ లేకపోతే చట్టంలో మనకి రాసింది 1,000 రూపాయలు. అంటే బళ్లు ఆపి చలానా రాసే పోలీసాయన హెల్మెట్ లేకుండా దొరికితే 2,000. ఎవరైనా కట్టగా మీరు చూశారా? నేనైతే చూళ్లేదు.

డ్యూటీలో చేసిన పని మీద కేసు నడపాలంటే ముందు గవర్నమెంటు అనుమతి కావాలన్న రక్షణ కొందరు అధికారులకి ఉంది. అది పోలీసులొక్కళ్లకే కాదు. దానికి కూడా కొత్త చట్టంలో 120 రోజుల గడువు పెట్టారు, ఆలోపు తేల్చకపోతే అనుమతి ఇచ్చినట్టే. డ్యూటీకి రక్షణ ఉండటం వేరు, సొంత మనుషులకి ఒక న్యాయం, ఊరోళ్లకి ఒక న్యాయం చేయడం వేరు.

ఇక నా తప్పు కూడా చెప్పుకోవాలి. రెండేళ్ల కింద మా బావ కొడుకు తాగి బండి తోలుతూ దొరికాడు. మా ఊరి కుర్రాడే ఒకడు కానిస్టేబులు. "అబ్బాయ్, మనోడే, కాస్త చూడు" అని ఫోన్ చేశా. "మిషన్లో వచ్చేసింది బాబాయ్, నా చేతుల్లో ఏం లేదు" అన్నాడు. ఏడాది పాటు వాడితో మాట్లాడలేదు. పండక్కి ఊరొస్తే మొహం తిప్పుకున్నా. నా కేబులు పోయాక తెలిసొచ్చింది, ఆ రోజు వాడు చేసిందే న్యాయం. మనకి చేసిపెడితే సాయం, ఇంకొకడికి చేసిపెడితే అన్యాయమా?

వాళ్ల కష్టం నాకు తెలీక కాదు. పండగ లేదు, పబ్బం లేదు, ఎండలో బందోబస్తు. జీతం పెంచండి, వారానికో సెలవు ఇవ్వండి, మొదట చెయ్యెత్తేది నేనే. స్టేషన్లో వరస మాత్రం అందరికీ ఒకటే ఉండాలి.

మీకెవరికైనా ఇలా జరిగితే ఇవి గుర్తుపెట్టుకోండి.

అర్జీ రెండు కాపీలు రాయండి, ఒకదాని మీద తేదీతో స్టాంపు వేయించుకోండి. పోయిన సొమ్ము విలువ తప్పకుండా రాయండి. కొత్త చట్టంలో 5 వేల లోపు దొంగతనానికి లెక్క వేరు, పోలీసులు నేరుగా కేసు కట్టలేరు.

"మా పరిధి కాదు" అంటే ఊరుకోవద్దు. 2024 జూలై నుంచి అమల్లోకి వచ్చిన చట్టంలో 173వ సెక్షను చూపించండి. ఏ స్టేషన్లో ఇచ్చినా తీసుకోవాలి, ఎఫ్ఐఆర్ కాపీ మనకి ఉచితంగా ఇవ్వాలి.

కేసు కట్టకపోతే అదే అర్జీ ఎస్పీ గారికి స్పీడ్ పోస్టులో పంపండి. అక్కడా కదలకపోతే మేజిస్ట్రేటు కోర్టుకి పోవచ్చు.

నేను ఎస్పీ గారికి పోస్టు చేసిన తొమ్మిదో రోజు స్టేషను నుంచి ఫోనొచ్చింది, ఎఫ్ఐఆర్ కట్టారు. కేబులు ఇంకా దొరకలేదు. అప్పు చేసి కొత్తది వేశా. కానీ నా కాగితానికీ ఇప్పుడు ఒక నంబరుంది.

ఈ సంక్రాంతికి ఆ కుర్రాడు ఊరొస్తే ముందు నేనే పోయి పలకరిస్తా. మీ ఊళ్లో సంగతేంటో కింద రాయండి. ఎవరి పేరూ పెట్టొద్దు, జరిగింది రాస్తే చాలు.