ఇంట్లో పిల్లాడికి ఆటలమ్మ.. గర్భిణి ఏం చేయాలి?

కాన్పుకు పుట్టింటికి వెళ్లడం మనకు మామూలే. ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో హైదరాబాద్ నుంచి జగ్గయ్యపేటకో, విజయవాడ నుంచి నందిగామకో చేరతారు. అక్కడ అన్నయ్య పిల్లలుంటారు, పక్కింటి పిల్లలుంటారు. పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తిరునాళ్లు జరిగే మాఘ, ఫాల్గుణ మాసాలు ఆటలమ్మ, అంటే చికెన్‌పాక్స్ ఎక్కువగా కనిపించే రోజులు కూడా.

ఇంట్లో ఒకరికి పొక్కులు కనిపించాయంటే, వాటికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే వైరస్ వ్యాపిస్తోందని అర్థం. ఒకే గదిలో పావుగంట ఉన్నా, ఎదురెదురుగా కూర్చుని మాట్లాడినా సోకే అవకాశం ఉంది. అందుకే "ఇక దూరంగా ఉంటాలే" అనుకుంటే సరిపోదు.

ముందు మీ అమ్మను అడగండి: చిన్నప్పుడు నాకు అమ్మవారు పోసిందా? పోసి ఉంటే దాదాపు భయం లేదు. రాలేదన్నా, గుర్తులేదన్నా, రెండు డోసుల టీకా వేయించుకోకపోయినా అదే రోజు డాక్టరుకు ఫోన్ చేయండి. వీజడ్‌వీ ఐజీజీ అనే రక్తపరీక్షతో మీకు రక్షణ ఉందో లేదో తెలుస్తుంది. చల్లటి దేశాలతో పోలిస్తే మనలాంటి వేడి ప్రాంతాల్లో చిన్నతనంలో ఇది రాకుండానే పెద్దవాళ్లయ్యేవారు ఎక్కువ.

రక్షణ లేదని తేలితే ఇమ్యునోగ్లోబులిన్ ఇంజెక్షన్ ఒక మార్గం. పిల్లాడి దగ్గర ఉన్నప్పటి నుంచి 10 రోజుల్లోపే ఇవ్వాలి. ఖరీదైనది, అన్ని ఆసుపత్రుల్లో దొరకదు. బ్రిటన్‌లో ఇప్పుడు చాలావరకు దాని బదులు ఏడో రోజు నుంచి యాంటీవైరల్ మాత్రలు ఇస్తున్నారు. మీకు ఏది తగినదో డాక్టరే చెప్పాలి, మందుల షాపులో అడిగి కొనుక్కునేవి కావు.

ఆసుపత్రికి వెళ్లే తీరు కూడా ముఖ్యం. ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద ప్రతి నెలా 9న ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు పరీక్షలు చేస్తారు. ఆ రోజు ఓపీ నిండా గర్భిణులే. వైరస్ సోకిన 8వ రోజు నుంచి 21వ రోజు వరకు మీ నుంచి ఇతరులకు అంటుకునే వీలుంది కాబట్టి ఆ వరుసలో కూర్చోవద్దు. ఏఎన్ఎంకో ఆశా కార్యకర్తకో ముందే చెప్పి విడిగా చూసే ఏర్పాటు అడగండి.

మీకే పొక్కులు వస్తే 24 గంటల్లోపు డాక్టరును సంప్రదించండి. ఎసైక్లోవిర్ మొదలుపెడితే అప్పుడే ఎక్కువ ఫలితం. ఆయాసం, ఛాతీ నొప్పి, తీవ్రమైన తలనొప్పి, రక్తస్రావం ఉంటే 108కి ఫోన్ చేయండి. గర్భిణులకు, ముఖ్యంగా చివరి నెలల్లో, న్యుమోనియా ముప్పు ఎక్కువ. నందిగామ నుంచి విజయవాడ సుమారు 50 కిలోమీటర్లు, జగ్గయ్యపేట నుంచి ఇంకా దూరం. తెల్లారాక చూద్దామని ఆగవద్దు.

బిడ్డ సంగతి? తొలి 20 వారాల్లో తల్లికి సోకితే కళ్లు, కాళ్లూచేతులు, మెదడు ఎదుగుదలలో లోపాలు రావచ్చు. అయితే ఆ ముప్పు సుమారు 2 శాతానికి మించదు. ఆటలమ్మ వచ్చిందన్న ఒక్క కారణంతో గర్భం తీయించుకోవాల్సిన పని లేదు, స్కానింగ్‌తో గమనిస్తారు. నిజంగా కంగారు పడాల్సింది కాన్పుకు 5 రోజుల ముందు నుంచి 2 రోజుల తర్వాత వరకు తల్లికి పొక్కులు వచ్చినప్పుడు. తల్లి నుంచి రక్షణ అందక పసికందుకు ప్రాణాపాయం కావచ్చు. అలాంటి కాన్పు శిశువైద్యులున్న చోటే జరగాలి.

అమ్మవారు వచ్చిందని ఇంట్లో వేపాకులు పెడతారు, పెట్టనివ్వండి, నష్టం లేదు. "మందు వేస్తే అమ్మవారికి కోపం" అన్నప్పుడే అడ్డుచెప్పాలి. జ్వరానికి పారాసెటమాల్ చాలు, ఐబుప్రొఫెన్ వద్దు.

ప్రభుత్వ గర్భిణి పరీక్షల్లో హెచ్‌ఐవీ, సిఫిలిస్, హిమోగ్లోబిన్, షుగర్ చూస్తారు, ఆటలమ్మ రక్షణ చూడరు. పరీక్ష సంగతి పక్కనపెట్టినా, తొలిసారి నమోదు చేసుకునేటప్పుడు "మీకు ఆటలమ్మ వచ్చిందా?" అని అడిగి కార్డుపై రాస్తే పైసా ఖర్చు లేదు. ఉచిత టీకాల జాబితాలోనూ ఇది లేదు, ప్రైవేటులో కొనుక్కోవాలి. గర్భంతో ఉన్నప్పుడు మాత్రం ఈ టీకా వేయరు. కాన్పయ్యాక, పాలిస్తున్నా వేయించుకోవచ్చు. ఆ తర్వాత నెల రోజుల వరకు మళ్లీ గర్భం రాకుండా చూసుకోవాలి.