వన్స్‌మోర్ లేని కాటిసీను

విజయా వారి "సత్యహరిశ్చంద్ర" 1965లో ఎందుకు ఆడలేదన్న ప్రస్తావన వచ్చినప్పుడల్లా ఒక సమాధానం సిద్ధంగా ఉంటుంది. రామునిగా, కృష్ణునిగా చూచి చేతులు జోడించిన రామారావుగారిని, ఆలిని అమ్ముకొని కాటికాపరియై విలపించేవాడుగా జనం చూడలేకపోయారట. వినడానికి ఇంపుగానే ఉన్నది. ఎవరికీ నొప్పి కలిగించని సమాధానం. దర్శకుడు కె.వి. రెడ్డిగారిది తప్పు కాదు, నటునిది తప్పు కాదు, ప్రేక్షకుల అభిమానానిదే తప్పు!

నాకు ఈ మాట మీద గురి కుదరదు. అంతకు రెండేళ్ళ ముందు, 1963లో, "లవకుశ"లో ఇదే రామారావుగారు సీతను అడవికి పంపి కుమిలిపోతుంటే జనం బండ్లు కట్టుకొని వచ్చి మరీ ఆయనతో కలిసి ఏడ్చారు. రాముని కన్నీరు చూడగలిగినవారికి హరిశ్చంద్రుని కన్నీరు మాత్రమే చేదయిందా? కారణం వేరే ఉండాలి. అది తెరమీద గాక తెరకు ఇవతల, మా పల్నాటి పల్లెల్లో గోనెపట్టాల మీద కూర్చున్న ప్రేక్షకుల చెవుల్లో ఉన్నదని నా అభిప్రాయం. ఆ చెవుల సంగతి చెప్పడానికే ఈ టపా.

హరిశ్చంద్రుని కథ తెలుగువారికి కొత్త కాదు. పదిహేనవ శతాబ్దంలోనే గౌరన ద్విపదలో వ్రాశాడు. కానీ ఊరూరా ఇంటింటా ఆ కథను నిలబెట్టినది మాత్రం మా గుంటూరు సీమవాడే అయిన బలిజేపల్లి లక్ష్మీకాంతకవిగారి 1912 నాటి "సత్యహరిశ్చంద్రీయము". తెలుగు పండితునిగా పనిచేసిన రోజుల్లో నాకు ప్రతి ఏటా ఒక వింత ఎదురయ్యేది. మసజసతతగ అంటే ఏమిటో ఎన్నిమార్లు చెప్పినా తలకెక్కని పిల్లవాడు, బలిజేపల్లివారి శార్దూలాన్ని యతి దగ్గర ఆగవలసినచోట ఆగి, సాగదీయవలసినచోట సాగదీసి, గుక్క తిప్పుకోకుండా పాడేవాడు. ఎక్కడ నేర్చావురా అంటే "మా తాత పాడతాడండి" అనేవాడు. ఆ తాతకు అక్షరం ముక్క రాదు. పద్యం పుస్తకంలోనుంచి గాక రాత్రిళ్ళలోనుంచి వచ్చింది వాళ్ళకు.

ఆ రాత్రులు ఎట్లాంటివో చూడనివారికి కొంచెం వివరంగా చెప్పాలి. మహాశివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ళలో ప్రభలు కట్టిన ఊళ్ళవాళ్ళు ప్రభ ముందు పందిరి వేసి తెల్లవార్లూ కార్యక్రమాలు పెట్టేవారు. తరువాతి కాలంలో రికార్డింగ్ డాన్సులు ఆ చోటు ఆక్రమించాయిగానీ, మా చిన్నతనంలో నాటకానిదే పెద్దపీట. కాంట్రాక్టు నాటకమంటే ఒకే రాత్రి ఇద్దరు ముగ్గురు హరిశ్చంద్రులు. సభాసీనుకు ఒకరు, అడవిసీనుకు ఒకరు, అసలు గాత్రమున్నవాడు కాటిసీనుకు. వేషం మారినా, మనిషి మారినా ఎవరికీ పట్టింపు లేదు. హరిశ్చంద్రుడు ఒక్కడే, గొంతులే వేరు.

ఇక కాటిసీను మొదలయ్యేసరికి నిద్రపోతున్న పిల్లలను కూడా తల్లులు లేపేవారు. నటుడు పద్యం ఎత్తుకొంటాడు. నాలుగు పాదాల పద్యానికి పది నిమిషాలు. హార్మోనిస్టు వెంటబడి ఆ రాగాన్ని తరుముతాడు. పద్యం దిగగానే "వన్స్‌మోర్" అని ఒక మూలనుంచి కేక. ఇంకొక మూలనుంచి ఇంకొకటి. నటుడు ముందు కొంచెం బెట్టు చేస్తాడు, ఆపై మళ్ళీ అందుకొంటాడు. రెండవసారి పాడినది మొదటిదానివలె ఉండదు, ఉండకూడదు కూడా. మధ్యలో మైకులో చదివింపులు: ఫలానా గ్రామ కాపురస్థులు ఫలానా వారు నూటపదహార్లు బహూకరిస్తున్నారు అని. శ్మశానంలో కట్టెపట్టుకొని నిలబడ్డ హరిశ్చంద్రుడు ఆ కాగితం అందుకొని, నమస్కరించి, తిరిగి దుఃఖంలోకి వెళ్ళిపోతాడు. చదువుకున్నవారు దీనిని చూచి నవ్వుతారు, రసభంగమంటారు. నేను ఒప్పుకోను. రసం తెగినచోట మళ్ళీ ముడివేయగలిగినవాడే ఆ పందిట్లో నటుడు. డి.వి. సుబ్బారావుగారి వంటివారి కాటిసీను క్యాసెట్లు అరిగిపోయేదాకా విన్నవాళ్ళు మా ప్రాంతంలో ఇప్పటికీ ఉన్నారు.

ఇంకొక ముఖ్యమైన సంగతి. నేటి కాటిసీనులో జనం ఎదురుచూచే పద్యాలన్నీ బలిజేపల్లివారివి కావు. వినుకొండలో 1895లో పుట్టిన మన జాషువాగారి శ్మశానవాటి పద్యాలను నటులు తామంతట తామే తెచ్చి ఆ రంగంలో కలుపుకొన్నారు. ఏ కవి అంటరానితనాన్ని అనుభవించి వ్రాశాడో, ఆయన పద్యమే వీరబాహుని కొలువులో కాటికాపరిగా నిలబడ్డ చక్రవర్తి నోట పలికింది. జాషువా పక్కన కూర్చోవడానికి జంకినవారు కూడా ఆ పద్యానికి వన్స్‌మోర్ కొట్టి ఉంటారు. ఇది ఏ దర్శకుడో ఏ ప్రయోక్తో కూర్చుని చేసిన ఏర్పాటు కాదు. నాటకానికి తలుపు తెరిచి ఉంది గనుక మంచి పద్యం లోపలికి నడిచివచ్చింది. (తెరిచిన తలుపులోనుంచి చెత్తా వస్తుంది. కాళ్ళకూరి నారాయణరావుగారి "చింతామణి"లోకి చేరిన మోటు హాస్యం అట్లాంటిదే. 2022 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం ఆ నాటకాన్నే నిషేధించేదాకా పోయింది. ఆ కథ మరొకసారి.)

ఇటువంటి ప్రేక్షకుని ముందుకు 1965లో విజయా వారి చిత్రం వచ్చింది. తెరమీద హరిశ్చంద్రుడు అప్పటికి పాతవాడే. 1935లో అద్దంకి శ్రీరామమూర్తి, కన్నాంబ నటించారు. వారిద్దరూ రంగస్థలంనుంచి వచ్చినవారు, తమ పద్యం తామే పాడుకోగలవారు. 1956లో ఎస్.వి. రంగారావు వేశారు. 1965 చిత్రానికి మాటలు పింగళి నాగేంద్రరావు, సంగీతం పెండ్యాల, చంద్రమతి ఎస్. వరలక్ష్మి. "మాయాబజార్" తీసిన చేతులే తీసినవి. దీనిని బలిజేపల్లివారి నాటకానికి మక్కీకి మక్కీ అనలేం. కానీ ప్రేక్షకుడు టిక్కెట్టు కొన్నది ఆ నాటకాన్ని మనసులో పెట్టుకొనే.

1970లలో మాచర్ల దాపున ఒక ఊరి డేరా హాలుకు ఆ చిత్రం తిరిగి వచ్చినప్పుడు నేను హైస్కూలు విద్యార్థిని. మా పెదనాన్నగారితో వెళ్ళాను. కాటిసీనులో ఒక పద్యం అయీ అవగానే నేలమీదనుంచి ఎవరో అలవాటుకొద్దీ "వన్స్‌మోర్" అని అరిచారు. హాలంతా నవ్వులు. "ఒరే ఆపరేటరబ్బాయ్, వెనక్కి తిప్పరా" అని ఇంకొకాయన. రీలు ఎవరి మాటా వినకుండా ముందుకు పోయింది. ఆడవాళ్ళు ఏడ్వకపోలేదు, లోహితాస్యుడు పాము కరిచి పడిపోయినప్పుడు బాగానే ఏడ్చారు. కానీ దారిలో పెదనాన్నగారు బీడీ ముట్టించుకొని అన్నమాట నాకు నేటికీ గుర్తు: "బొమ్మ బానే ఉందిగానీ, అతను మన వంక ఒక్కసారన్నా చూళ్ళేదురా."

ఆ రోజుల్లో నాకు అది మొరటు విమర్శగా తోచింది. చిత్రకళను గురించి నాలుగు పుస్తకాలు చదివిన తరువాత, దానికి మించిన విమర్శ నాకు ఎక్కడా కనబడలేదు. నాటకంలో తన కేక వల్ల పద్యం మళ్ళీ పుట్టేది. చిత్రంలో ఆ అధికారం పోయింది. పోయినదానికి బదులు ఏమి ఇచ్చారన్నదే ప్రేక్షకుని ప్రశ్న. పద్యం కుదించడం గురించి నాకు తగాదా లేదు. ఘంటసాలగారు రాగాలాపన తగ్గించి, అర్థానికి పట్టం కట్టి, ముఖం దగ్గరగా కనబడే తెరకు తగిన పద్యశైలిని రూపొందించారు. తెరమీద పది నిమిషాల ఆలాపన పెడితే ఎవరూ కూర్చోరు.

పాశ్చాత్యులకూ ఈ తంటా తప్పలేదు. బెర్నార్డ్ షా నాటకం ఆధారంగా 1956లో న్యూయార్కులో రంగమెక్కిన "మై ఫెయిర్ లేడీ"లో జూలీ ఆండ్రూస్ పాడి ఆడింది. 1964లో చిత్రం తీసినప్పుడు ఆమెను కాదని ఆడ్రీ హెప్‌బర్న్‌ను తీసుకొని, పాటల్లో చాలా భాగం మార్నీ నిక్సన్ గొంతుతో నింపారు. చిత్రం డబ్బు చేసుకొన్నది, బహుమతులూ పొందింది. అయినా అరువు గొంతు అన్న సణుగుడు నేటికీ ఆగలేదు. మనవాళ్ళు అరువు గొంతును ఎన్నడూ తప్పు పట్టలేదు. రంగంమీద ముగ్గురు హరిశ్చంద్రులను ఒకే రాత్రి ఒప్పుకొన్న జనానికి రామారావు ముఖం, ఘంటసాల కంఠం ఒక లెక్కా?

నా వాదానికి కన్నడ దేశం నుంచి ఒక సాక్ష్యం ఉన్నది. అదే 1965లో కె.వి. రెడ్డిగారి నిర్మాణంలోనే, హుణసూరు కృష్ణమూర్తి దర్శకత్వంలో, రాజ్‌కుమార్ కథానాయకునిగా కన్నడ "సత్య హరిశ్చంద్ర" వచ్చింది. సంగీతం పెండ్యాలవారిదే. కుల భేదాలను ఎత్తిపొడిచే ఒక పాటను మన ఘంటసాలగారే కన్నడంలో పాడితే ఆ నాడంతా మారుమ్రోగింది. చిత్రం ఘనవిజయం. 2008లో రంగులద్ది మళ్ళీ విడుదల చేశారు కూడా. అక్కడ కంపెనీ నాటకాలు లేవా అంటే, రాజ్‌కుమారే గుబ్బి వారి కంపెనీలో పెరిగినవాడు. అయితే ఆ చిత్రం తన మూలంగా చెప్పుకొన్నది రాఘవాంకుని ప్రాచీన కావ్యాన్ని. అక్కడి ప్రేక్షకుడు కొత్తగా వినడానికి వచ్చాడు. మనవాడు సరిపోల్చడానికి వచ్చాడు. ఇది నా ఊహే కావచ్చుగాని, నాయకుని కన్నీరే అసలు అడ్డమైతే కన్నడిగులు రాజ్‌కుమార్‌ను అంతకంటె తక్కువగా కొలిచారా?

రంగస్థలపు సొత్తును తెర చక్కగా అందుకొన్న సందర్భాలూ లేకపోలేదు. 1966 నాటి "శ్రీకృష్ణ తులాభారం"లో, బాపట్ల వాసి స్థానం నరసింహారావుగారు సత్యభామ వేషంలో లోకాన్ని మురిపించిన పాటను సుశీలగారు పాడగా జమునగారు అభినయించారు. స్థానంవారు ఒకే చరణాన్ని ఎన్ని భావాలతో తిప్పేవారో పెద్దలు కథలుగా చెప్పేవారు. చిత్రం ఆ విస్తారం జోలికి పోలేదు. వాలుజడ, ఒక చూపు, పెదవి విరుపు దగ్గరగా చూపి ఊరుకొన్నది. వెనుక వరుసలోని వాడికి రంగంమీద ఎన్నడూ కనబడని ముఖం అది. పోయినదానికి బదులు దక్కింది గనుక ఎవరూ సణగలేదు.

ఇదంతా అరవయ్యేళ్ళ నాటి పంచాయితీ అని కొట్టిపారేయవచ్చు. కానీ తీర్పు ఇప్పుడు తలకిందులుగా అమలవుతున్నది. ఈ మధ్య గురజాల వైపు ఒక ఊరి కొలుపులకు హరిశ్చంద్ర కాటిసీను మాత్రం ఆడించారు. పూర్తి నాటకానికి ఓపిక లేదు, డబ్బూ లేదు. యాభై అరవై మంది ఉన్నాము. నటుడు వయస్సు మీరినవాడు, గాత్రం మాత్రం చెక్కుచెదరలేదు. జాషువా పద్యం ఎత్తుకొని రాగం విస్తరిస్తుంటే, ముందు వరుసలో సెల్‌ఫోనుతో పట్టుకొంటున్న కుర్రవాడు "బాబాయ్, సాగదీయమాక. ఘంటసాల లాగా పాడు" అన్నాడు. ఆ కుర్రవాడు దుర్మార్గుడు కాడు. పద్యమంటే ప్రీతి ఉంది గనుకనే వచ్చాడు. అతను యూట్యూబులో సినిమా పద్యాలు విని పెరిగాడు. నాడు ఏ చిత్రాన్ని మా పెద్దలు నాటకంతో తూచి తక్కువన్నారో, నేడు అటువంటి చిత్రాలతోనే నాటకాన్ని తూస్తున్నారు.

పాత ప్రేక్షకుని ఫిర్యాదు న్యాయమైనది, ఈ ఫిర్యాదు కాదు. అక్కడ సినిమావారికి బదులివ్వగల సాధనాలున్నాయి: కెమెరా ఉంది, వాద్యబృందం ఉంది, ఎన్నిసార్లయినా మళ్ళీ తీసుకొనే వీలు ఉంది. ఇక్కడ ఈ ముసలి నటునికి ఉన్నది ఆ సాగదీత ఒక్కటే. అది కూడా వద్దంటే ఆయన దగ్గర మిగిలేది పాత జరీపంచె, కట్టె. ఘంటసాలగారిలాగా వినాలంటే ఘంటసాలగారినే వినవచ్చును, దానికి పందిరి ఎందుకు?

తరువాతి పద్యాన్ని ఆ నటుడు రెండు నిమిషాల్లో ముగించాడు. హార్మోనిస్టు అలవాటుగా రాగాన్ని అందుకోబోయి, పద్యం అప్పుడే దిగిపోయిందని గ్రహించి, ఒక్క స్వరం మీద చేయి అలాగే ఉంచి ఆయన ముఖం వంక చూచాడు. నేను నా శక్తికొద్దీ "వన్స్‌మోర్" అన్నాను. నా కేక వినబడిందో లేదో తెలియదుగానీ, ఆ కుర్రవాడు మాత్రం వెనుదిరిగి నన్ను కూడా వీడియో తీసుకొన్నాడు.