మంద ఎవరిది? ముద్ర ఎవరిది?

మొన్న ములకలపల్లిలో మేం ఒక సినిమా వేసినం. వాడలో రెండు గుంజలకు తెల్ల దుప్పటి కట్టి, అడిగి తెచ్చుకున్న ప్రొజెక్టర్ పెట్టి వేసినం. సినిమా పేరు 'రెడ్ రివర్'. 1948లో అమెరికాలో హోవర్డ్ హాక్స్ తీసిండు. జాన్ వేన్ హీరో. వేల గొడ్లను నెలల తరబడి తోలుకపోయే కథ. ఇంగ్లీషు సినిమా కాబట్టి మాలో ఒకరం దుప్పటి పక్కన నిలబడి, తోలుబొమ్మలాటలో కథ చెప్పినట్టు తెలుగులో చెప్పుకుంటూ పోయినం.

ఈ సినిమా మాకిచ్చింది పట్నంలో ఉండే ఒక సినిమా పండితుడు. "మీవాళ్లు గొడ్లు కాసినోళ్లే కదా, బాగా నచ్చుతుంది" అన్నాడు. ఆ మాట అప్పుడే గుచ్చుకుంది, కానీ ఊరుకున్నం. సినిమా చూసి మా జనం ఏమన్నరో తర్వాత ఆయనకు చెప్పినం. ఆయన నవ్వి, "మీవాళ్లకు సినిమా చూడటం రాదు. అది తండ్రీకొడుకుల కథ. ఒక మహానటుడి నటన. దాన్ని గొడ్ల పంచాయితీ చేసిన్రు" అన్నాడు.

చూడటం ఎవరికి రాదో ఇక్కడ తేల్చుకుందాం.

కథ ఇది. 1851లో డన్సన్ అనేవాడు భూమి వెతుక్కుంటూ బయల్దేరుతడు. వాని దగ్గర ఒక ఆబోతు ఉంది. దారిలో అనాథ పిల్లగాడు మాథ్యూ కలుస్తడు. ఆ పోరని దగ్గర ఒక ఆవు ఉంది. ఆబోతు, ఆవు, ఇద్దరు మనుషులు, ఒక ముసలి వంటవాడు కలిసి ఎర్రేరు దాటి టెక్సాస్‌లో పోయి పడతరు. పద్నాలుగేండ్లకు ఆ జంట వేల గొడ్ల మంద అయితది. ఆ మంద మీద కాల్చిన ముద్ర మాత్రం డన్సన్‌ది. రెడ్ రివర్ గుర్తు, పక్కన 'డి' అక్షరం. నా 'ఎం' ఏదని పిల్లగాడు అడిగితే, సంపాదించుకున్ననాడు వేస్తా అంటడు.

ఇక్కడికి రాంగనే మా పెద్దతాత ఒకాయన లేచిండు. చిన్నప్పటి నుంచి ఆసాముల ఇండ్లల్ల జీతమున్న మనిషి. "ఆగు ఆగు. ఆవెవరిది?" అన్నడు. పిల్లగానిది తాతా అన్నం. "మరి ఈనింది ఆవే కదా! పాలుకు ఇచ్చిన గొడ్డుకైనా ఒక ఈత నీది ఒక ఈత నాది అని లెక్కుంటది. ఆవు వానిది, కాపుగాసింది వాడు, ముద్ర వీనిదెట్లయితది?"

డెబ్బై ఏండ్లకు పైగా ఈ సినిమా మీద దేశదేశాల పండితులు రాస్తనే ఉన్నరు. మేం చదివినంతలో తండ్రి, కొడుకు, పౌరుషం, ఎడబాటు ఇవే మాటలు. తాత అడిగిన మాట మాకు ఎక్కడా తగల్లేదు. ఎందుకంటే అది అడగాలంటే ఒకరి దొడ్లె పేడ ఎత్తి, దూడను సాకి, అది ఎద్దయి అంగడిలో అమ్ముడుపోయిననాడు ఉత్తచేతులతో ఇంటికి వచ్చి ఉండాలె. వెట్టి రద్దు చేస్తూ 1976లో చట్టం వచ్చింది. అంతకుముందు మన వాడల్లో జీతమున్నోళ్లకు మంద మీద ఏ హక్కుండేది? దూడ తప్పిపోతే జీతంలో కోత. పైరులో పడి బందెలదొడ్డికి పోతే తన్నులు. హక్కులేని గొడ్డుకు బాధ్యత మాత్రం మనది.

సినిమాలో ముద్ర సంగతి అక్కడితో ఆగదు. మందను తోలేముందు పొరుగువాళ్ల గొడ్లు కలిసిపోయి ఉంటే, వాటికీ తన ముద్రే వేయమంటడు డన్సన్. హాల్లో కూర్చున్నోళ్లకు అది హీరో మొండితనం. మా దగ్గర ఆడోళ్లు మాత్రం పకపకా నవ్విన్రు. ఒక అక్క, "మా పట్వారీ గూడ అట్లనే రాసేటోడు" అన్నది.

ఇగ భూమి సంగతి. డన్సన్ పోయి నిలబడ్డ నేల డాన్ డియెగో అనే మెక్సికో భూస్వామిదని అతని మనిషి వచ్చి చెప్తడు. స్పెయిన్ రాజు ఇచ్చిన పట్టా అంటడు. వాళ్లూ ఇంకొకరి దగ్గర గుంజుకున్నదే కదా అని డన్సన్ జవాబు. ఆ మాట నిజమే! ఆదివాసుల దగ్గర గుంజుకున్నదే. కానీ ఆ నిజం పలికిన నోటితోనే తుపాకీ తీసి ఎదుటివాణ్ణి కాల్చి, భూమి తనదంటడు. వాపసు ఇచ్చే ఆలోచన రాదు. ఇంత నేల ఊరికే పడి ఉందని వంటవాడు వంత పాడతడు.

"ఊరికే పడి ఉంది" అనే మాట మన ఏజెన్సీలో ఎవరు వినలేదు? కోయోళ్ల పోడును చూసి వచ్చినోడల్లా ఇదే అన్నడు. భూములు చేతులు మారొద్దని 1970లో 1/70 చట్టం వచ్చింది. అడవి హక్కుల చట్టం 2006లో వచ్చింది. చట్టాలున్నా మన కండ్ల ముందే భూములు చేతులు మారినయి. (1/70 మీద మన మాల మాదిగ వాడల్లోనూ సణుగుడు ఉంది, మాకు తెలుసు. రెండెకరాలు లేనోని బాధ అబద్ధం కాదు. కానీ ఆ కోపం కోయోని మీద తీర్చుకునేది కాదు. దాని మీద వేరే సంచికలో గట్టిగా మాట్లాడుకుందాం.)

సినిమాలో ఆదివాసులు రెండే రకాలు. ఒకరు, బండ్ల మీద పడి చంపేటోళ్లు. ఇంకొకరు, వంటవానికి తోడున్న క్వో. వాడు పేకాటలో వంటవాని కట్టుడుపళ్లు గెలిచి, తిండి వేళకు తీసి ఇస్తుంటడు. నవ్వించడానికి ఒక ఆదివాసి! ఆ వేషం కట్టింది కూడా ఆదివాసీ నటుడే. అసలు చరిత్ర వేరే ఉంది. సినిమాలో గొడ్లు చివరికి పట్టే బాటకు 'చిషోమ్ బాట' అని పేరు. ఆ జెస్సీ చిషోమ్ చెరోకీ తల్లికి పుట్టిన వ్యాపారి. తమ నేల మీదుగా పోయే మందకు తలకింత అని అక్కడి ఆదివాసీ జాతులు సుంకం అడిగినయి. గొడ్లు తోలినోళ్లలో నలుగురిలో ఒకరు నల్లవారని చరిత్రకారుల అంచనా. బానిసగా పుట్టి, 1860లలో మందలు నడిపి పేరు మోసిన బోస్ ఐకర్డ్ ఉన్నడు. సినిమాలో ఒక్క నల్లమొఖం మాకు కనపడలేదు. మంద నడిపినోణ్ణి తెర మీద నుంచి తరిమినంక దానికి గొప్ప సినిమా అని పేరు పెట్టుకున్నరు.

కూలోళ్ల సంగతి చూడండి. ఒకడు చక్కెర దొంగిలించబోయి గిన్నెలు పడేస్తడు. మంద బెదిరి పరిగెత్తి ఒక మనిషిని తొక్కి చంపుతది. చనిపోయిన మనిషి, పెండ్లానికి ఎర్ర చెప్పులు కొంటనని అంతకుముందే చెప్పుకున్నడు. ఆ చెప్పుల దగ్గర మా జనమంతా నిశ్శబ్దం. నిజమే, అక్కడ సినిమా మంచిగ తీసిండు, కాదనం. కానీ తర్వాత? చక్కెర తీసినోణ్ణి బండిచక్రానికి కట్టి కొట్టాలంటడు యజమాని. పని విడిచిపోయినోళ్లను పట్టి తెప్పించి ఉరి తీస్తనంటడు. మా పండితుని కంటికి ఇది 'విషాద నాయకుని పతనం'. మాకు ఇది చెప్పకుండా పోయిన జీతగాణ్ణి ఊరూరు వెతికి పట్టుకొచ్చిన కథ.

కూలోళ్లు తిరగబడితే ఆ తిరుగుబాటుకు నాయకుడు ఎవరు? మళ్లీ యజమాని పెంచుకున్న కొడుకే. 1883లో టెక్సాస్‌లో పసులకాపరులు నెలకు 50 డాలర్లు కావాలని నిజంగనే సమ్మె చేసిన్రు. ఓడిపోయిన్రు, పనుల్లోంచి తీసేసిన్రు. దాని మీద సినిమా ఎందరు తీసిన్రు?

ఇంకొక మాట. ఆ వేల గొడ్లు రైలెక్కి ఎటు పోతున్నయి? కోతకు. తినడానికి. పట్నంలో చప్పట్లు కొట్టి చూసేటోళ్లకు అది గుర్తురాదు. తెర మీద తెల్లోడు తోలితే సాహసం. మనోడు ముసలెద్దును అంగడికి తోలితే నేరం. 2016 జూలైలో గుజరాత్‌లోని ఊనా దగ్గర చచ్చిన ఆవు తోలు తీసినందుకు దళితులను బట్టలూడదీసి కొట్టిన్రు. ఆ మరుసటి నెలలోనే మన అమలాపురం దగ్గర కరెంటు షాకుతో చచ్చిన ఆవు తోలు తీస్తున్న దళితులను చెట్టుకు కట్టి కొట్టిన్రు. 2017 మేలో కేంద్రం అంగళ్లలో కోతకు గొడ్లు అమ్మొద్దని నిబంధనలు పెట్టింది. జూలైలో సుప్రీంకోర్టు వాటిని ఆపింది. అయినా ఎడ్లు తోలుకపోయే మనిషికి దారిలో భయం పోలేదు.

మన తెలుగోళ్లూ తక్కువ తినలే. 1971లో కృష్ణ 'మోసగాళ్లకు మోసగాడు', 1990లో చిరంజీవి 'కొదమసింహం', 2002లో మహేష్‌బాబు 'టక్కరి దొంగ'. అన్నీ కౌబాయ్ సినిమాలే అన్నరు. టోపీ ఉంది, గుర్రముంది, తుపాకీ ఉంది, నిధి ఉంది. గొడ్డు ఏది? కౌబాయ్ అంటే పసులకాపరి అని మా పోరగాళ్లకు చెప్తే నమ్మలేదు. "గొడ్లు కాసేటోనికి అంత మంచి బూట్లెక్కడియి?" అని అడిగిన్రు. పసులు కాసే పోరడు హీరో కావాలంటే ముందుగాల వాని చేతిలోంచి కర్ర గుంజుకుని, వాని కులం తీసేసి, గుర్రమెక్కించాలె!

చివరికి ఏమయితది? కొడుకు మందను తోలుకపోయి ఆబిలీన్‌లో అమ్ముతడు. చంపుతనని తండ్రి వెంటపడి వస్తడు. ఇద్దరూ కొట్టుకుంటరు. ఒక ఆడమనిషి తుపాకీ పట్టి తిట్టేసరికి ఆగిపోతరు. తండ్రి మట్టిలో వేలితో కొత్త ముద్ర గీసి చూపిస్తడు. 'డి' పక్కన 'ఎం'. చాలామంది పండితులకు ఈ ముగింపు నచ్చలేదట, తేలిపోయిందట. మాకు తేలిపోయినట్టు కనపడలేదు. రాజీ అట్లనే ఉంటది, ఇంట్లోళ్ల మధ్యనే. తాత మళ్లీ లెక్క తీసిండు: "ఆ అక్షరం పద్నాలుగేండ్ల కింద ఆవును కట్టేసిననాడే పడాలె. సరే, ఇప్పుడన్న పడ్డది. మరి చెప్పులు కొంటనని చచ్చినోని అక్షరం ఏది?"

పక్క గూడేలవాళ్లు తమ దగ్గర కూడా వేయమని అడుగుతున్నరు. దుప్పటి ఉంది, ప్రొజెక్టర్ మళ్లీ దొరుకుతది. తెలుగులో చెప్పేటోళ్లం ఉన్నం గాని, కోయ భాషలో కథ చెప్పేటోళ్లు కావాలె. దుప్పటి పక్కన నిలబడి మాట్లాడే ధైర్యమున్న పిల్లలెవరన్న ఉంటే మాకు కబురు పెట్టండి.